తెల్లజుట్టు రాజు, మా సీడు పత్తి

ఆ రోజుల్లో ప్రేమంటే మాట్లాడకపోవడమే అని నమ్మిన మూర్ఖులు కొందరు ఉండేవాళ్ళు. వాళ్ళలో నాది ముందు వరస. ఇప్పుడు నాగర్‌కర్నూల్‌లో జూనియర్ కాలేజీ పిల్లలకు వృక్షశాస్త్రం చెప్పుకుంటూ, నోరు మూసుకుని కూర్చునే మనిషి ఎదురైతే ‘వీడికి విషయం లేదు’ అని తేల్చిపారేసే దాన్ని అయ్యాను గానీ, అప్పుడు అలా కాదు. మొన్న సెలవులకు వచ్చిన మా అక్క కూతురు సోఫాలో బోర్లా పడుకుని ఫోను చూస్తూ చూస్తూ ఉన్నట్టుండి పెద్దగా నిట్టూర్చింది. కడుపునొప్పేమో అని వాము కోసం డబ్బాలు వెతుకుతున్నాను. కడుపునొప్పి కాదట. జపాను బొమ్మల సీరియల్లో రాజుగారు కిటికీ దగ్గర నిలబడ్డాడట. “పిన్నీ, ఇది పాత క్లాసిక్. మీ కాలందే. నువ్వు చూడలేదా?” అంది. ‘మీ కాలం’ అన్న దగ్గరే నాకు సగం మండింది. ఫోను లాక్కుని చూస్తే మిగతా సగం కూడా మండింది. అదే కిటికీ, అదే తెల్లజుట్టు, అదే ఏడుపు మొహం. చూడకపోవడమేమిటి! ఆ మహానుభావుణ్ణి నేను ఒక పత్తి సీజనంతా నెత్తిన మోశాను.

వనపర్తిలో డిగ్రీ చదివేటప్పుడు హాస్టల్లో మా గదిలో ఒకమ్మాయికి ల్యాప్‌టాప్ ఉండేది. ఆ సీరియల్ అప్పటికే పాతది. పెన్‌డ్రైవ్‌లో చేతులు మారి మారి మా దాకా వచ్చింది. కథ చెబుతాను, ఓపిక పట్టండి. ఇంటర్ చదివే ఒక పిల్ల వానలో పాత వంతెన దాటుతుంటే పొగమంచు కమ్ముతుంది. మంచు విడిపోయేసరికి వేరే లోకం. అక్కడ ఒక రాజు. జుట్టు తెల్లగా నడుము దాకా ఉంటుంది, వయసు తొమ్మిది వందల ఏళ్ళు, మొహం మాత్రం డిగ్రీ ఫస్టియర్. ఆయనకొక శాపం: ప్రేమిస్తున్నానని నోటితో అంటే రాయైపోతాడు. కాబట్టి అనడు. కాబట్టి కిటికీ దగ్గర నిలబడతాడు. ఆ పిల్ల ఏడుస్తుంది. ఎర్రజుట్టువాడు ఒకడు వచ్చి పిల్లనగ్రోవి ఊది ఆ పిల్లను ఓదారుస్తాడు. రాజు అది చూసి ఇంకో కిటికీ దగ్గరికి పోతాడు. మధ్యలో కుందేలుకూ కుండకూ పుట్టినట్టుండే ఒక జంతువు గెంతుతూ ‘మూ, మూ’ అంటుంది. మొత్తం ఇంతే. దీనికి మేము, ఎనిమిదో క్లాసు నుంచి లెక్కల్లో ఫస్టు వచ్చిన ఆడపిల్లలం, దిండ్లు తడిసేట్టు ఏడ్చేవాళ్ళం.

ఏముంది అందులో అని ఇప్పుడు అడిగితే చెప్పగలను. ఏమీ లేదు. అదే ఆకర్షణ. మాట్లాడని మగవాడి నోట్లో మనకు కావలసిన మాటలన్నీ మనమే పెట్టుకోవచ్చు. ఆయన కనుబొమ్మ కదిలిస్తే దాని అర్థం మీద మా గదిలో గంటసేపు చర్చ జరిగేది (ఆ శ్రద్ధలో నాలుగో వంతు జంతుశాస్త్రం మీద పెట్టి ఉంటే నాకు గోల్డ్ మెడల్ వచ్చేది). నేనైతే ఆ పిల్లలాగే ఒక కన్ను మీదికి జుట్టు వేసుకుని తిరిగేదాన్ని. రెండుసార్లు మెస్సు స్తంభానికి గుద్దుకున్నాను, సాంబారు గిన్నెతో సహా. మా క్లాసులో ఒక అబ్బాయి ఉండేవాడు. ఎవరితోనూ మాట్లాడడు. ఎప్పుడూ కిటికీ పక్కనే కూర్చుంటాడు, దూరంగా చూస్తుంటాడు. ‘ఎంత లోతైన మనిషో, ఏ శాపం ఉందో’ అని ఒక సెమిస్టరంతా గుండెలో పెట్టుకుని తిరిగాను. ఒకరోజు సారు లేపి ప్రశ్న అడిగితే, పాపం, ముందు కిటికీలోంచి బయటికి తుపుక్కున ఉమ్మి అప్పుడు జవాబు చెప్పాడు. నోట్లో గుట్కా. కిటికీ అందుకు. ఛీ, ఆ పూట నాకు అన్నం సహించలేదు.

అయినా బుద్ధి వచ్చిందా అంటే రాలేదు. డిగ్రీ అయిపోయి, మల్దకల్ దగ్గర మా ఊరికి వచ్చాను. హైదరాబాద్‌లో పీజీ సీటు వచ్చింది. రావడమంటే వచ్చింది గానీ, పంపడం నాయిన చేతిలో ఉంది, నాయిన చేతిలో ఉన్నది సీడు పత్తి. మా గద్వాల దిక్కున సీడు పత్తి అంటే మామూలు పత్తి కాదు, కంపెనీలకు విత్తనం కోసం పండించే పత్తి, రోజూ పెళ్ళిళ్ళు చేయవలసిన పత్తి. ఆడ చెట్ల సాళ్ళు వేరు, మగ చెట్ల సాళ్ళు వేరు. సాయంత్రం పూట ఆడ చెట్టు మీద మర్నాడు విచ్చే మొగ్గను చూసి, దాని రేకులూ లోపలి పుప్పొడి తిత్తులూ గోటితో ఒలిచేసి, నడిమి కాడ ఒక్కటి మిగిల్చి, గుర్తుకు ఎర్ర కాగితం తొడగాలి. పొద్దున ఎండ ఎక్కి మగ పూలు విచ్చుకోగానే తెంపుకొచ్చి ఆ కాడ మీద అద్దాలి. దీన్నే క్రాసింగ్ అంటాం. ఎండ నెత్తి మీదికి వచ్చేలోపు అద్దితే కాయ, లేదంటే ఒలిచిన మొగ్గ ఒలిచినట్టే రాలిపోతుంది. ఇది పండుగా పబ్బమూ లేకుండా సీజనంతా జరగాలి. చేసేది కూలికొచ్చిన ఆడవాళ్ళు. వాళ్ళు లేకపోతే సీడు లేదు, నాయిన లేడు, పీజీ లేదు. “లేబర్ నిలవడితెనే నీ చదువు బిడ్డా. లేబర్ వోయిందా, సీటుగీటు ఏం లేదు, ఇంటి కాడ కూసో” అని నాయిన ముందే చెప్పేశాడు. ఆయన కోపంతో అనలేదు, నిజం చెప్పాడు.

ఆ ఏడు మాకు పాన్‌గల్ దిక్కు నుంచి ఒక గుంపు వచ్చింది. సీజనంతా మా కొట్టం పక్క గదిలోనే ఉంటారు. వాళ్ళకు పెద్ద ఒకామె, అందరూ పెద్దమ్మ అనేవాళ్ళు. సన్నగా చింతబరికెలా ఉండేది, నోరు మాత్రం కొడవలి. ఆమె లేచి నడిస్తే గుంపంతా లేచి నడుస్తుంది. గుంపులో ఒక కొత్త పెళ్ళికూతురు కూడా ఉండేది, ప్రతిదానికీ కళ్ళనీళ్ళు పెట్టుకునే రకం. ఇక మా గట్టు అవతలి చేనాయన ఉన్నాడే, ఆయనకు లేబర్ దొరకలేదు. దొరక్కపోతే ఏం చేయాలి? ఊళ్ళు తిరిగి తెచ్చుకోవాలి. అంత కష్టం ఎందుకని సంతలో నిలువెత్తు పాటల డబ్బా ఒకటి కొని చేను గట్టు మీద మా వైపుకు తిప్పి పెట్టాడు. పొద్దున్నుంచీ పాటలు. అంతటితో ఆగకుండా, “మా చేనికి రాండ్రి, పాటలు ఇనుకుంట పని జేస్కోవచ్చు, ఆదివారం ఆదివారం కూర గూడ వండిపిస్త” అని కేకేసేవాడు. ఆయన్ని నేను ‘డబ్బా మామ’ అనేదాన్ని. సిగ్గు లేని మనిషి. మా ఆడవాళ్ళ కాళ్ళు మా సాళ్ళలో ఉన్నా చెవులు గట్టు దాటిపోయాయి. ఒక పూట పెద్దమ్మ నడుము మీద చెయ్యి పెట్టుకుని, “ఏంది పిల్లా, మీ చేన్ల గింత సప్పగ ఉంటది. పీనుగ లేసిన ఇంటి లెక్క” అంది.

డబ్బా కొనే శక్తి మాకు లేదు. నాకు పాట రాదు. నా దగ్గర ఉన్న ఆస్తి అంతా ఆ దిక్కుమాలిన సీరియలే. తెగించి మొదలుపెట్టాను: “పెద్దమ్మా, ఒక కథ జెప్పనా? ఒక పిల్ల వానల వంతెన దాటుతుంటది...” మొదటి రోజు ఎవరూ పట్టించుకోలేదు. రాజుగారి ప్రవేశంతో కదలిక వచ్చింది. నేను గొంతు తగ్గించి, “ఆయన ప్రేమ అన్న మాట నోట్లె నుంచి తీస్తె రాయైపోతడు. గందుకే మాట్లాడడు” అన్నాను. మా హాస్టల్లో ఈ ముక్క దగ్గర ఏడ్చాం. ఇక్కడ పెద్దమ్మ పువ్వు అద్దడం ఆపకుండానే, “మా ఆయన గూడ గట్లనే. ఏ శాపం లేకుండనే” అంది. సాళ్ళన్నీ ఒక్కసారి ఘొల్లున నవ్వాయి. గట్టు అవతల డబ్బా మామ కూడా తల ఎత్తి చూశాడు.

ఇక అక్కడి నుంచి నా రాజుగారి పరువు దక్కితే ఒట్టు. పొగమంచు కోట వర్ణిస్తే, “గంత పెద్ద కోటల కసువు ఊడ్సేదెవరు?” అని ఒకామె. వెన్నెల్లో గులాబీ రేకులు రాలాయంటే, “గాయన రాజ్యంల ఏం పంట వండుతది? అందరు కిటికీల కాడ నిలవడితె తిండెట్ల?” అని ఇంకొకామె. ఎర్రజుట్టువాడు పిల్లనగ్రోవి ఊదాడంటే, “పనీపాట లేనోడు, పిల్లను ఆగం జేస్తుండు” అని పెద్దమ్మ తీర్పు. కుందేలు కుండ జంతువు ఒక్కటే అందరికీ నచ్చింది. దాన్ని పెంచుకుంటే ఏం తింటుందని అడిగి తెలుసుకున్నారు. ఎంత తిట్టినా సరే, పొద్దున సాలు ఎక్కగానే “చెప్పు పిల్లా, నిన్న ఏడ ఆగినం? తెల్లజుట్టోడు కిటికీ కాడ ఉండె” అని వాళ్ళే అడిగేవారు (ఆయన ఎప్పుడూ అక్కడే ఉంటాడు కాబట్టి గుర్తుపెట్టుకోవడం తేలిక). కొత్త పెళ్ళికూతురైతే కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తూ పువ్వులు అద్దేది. “రాయైతె కానీ అక్కా, ఒక్కసారి అనొచ్చు గదా!” అనేది. ఆ పిల్ల భర్త పుణెలో మట్టిపనికి పోయాడని, ఫోను చేసినా ‘ఊఁ’, ‘ఆఁ’ తప్ప మాట్లాడడని తరవాత తెలిసింది. నేను అదేదో గొప్ప ప్రేమకథ అని దిండు మీద పడి ఏడ్చిన కాలం గుర్తొచ్చి, ఆమె పక్క సాలులోకి పోయి తల వంచుకుని పువ్వులు అద్దాను. డబ్బా మామ చివరికి తన డబ్బా ఆపుకుని, గట్టు దగ్గర కలుపు తీస్తున్నట్టు నటిస్తూ కథ వినడం మొదలుపెట్టాడు. గెలిచాను అనుకున్నాను. మిడిసిపాటు ఎక్కువైతే ఏమవుతుందో మీకు తెలిసిందే.

ఆ సీరియల్ తీసిన పుణ్యాత్ములు దాన్ని పూర్తి చేయలేదు. పాత సీరియళ్ళలో చాలావాటికి ఈ రోగం ఉంది. కథ సగంలో ఉండగానే కొలిమి ఆర్పేసి పోతారు. చివరి భాగంలో పొగమంచు మళ్ళీ వస్తుంది, వంతెన కనబడుతుంది, ఆ పిల్ల వంతెన మొదట్లో నిలబడుతుంది. ఇటు చూస్తే ఇల్లు. అటు చూస్తే రాజు, ఈసారి కిటికీ దిగి గడప దాకా వచ్చాడు, మహా కష్టపడ్డాడు. రేకులు రాలుతాయి. అయిపోయింది. హాస్టల్లో మేము దాన్ని ‘ఎంత కవిత్వం!’ అనుకుని మురిసిపోయాం. అదే మురిపెంతో ఒక సాయంత్రం మొగ్గలు ఒలుస్తున్న మా ఆడవాళ్ళకు అలాగే చెప్పి, “అంతే” అన్నాను.

“అంతేనంటే?” అంది పెద్దమ్మ.

“అంతే పెద్దమ్మా. ఆడికే అయిపోయింది.”

“పోయిందా, ఉన్నదా పిల్ల?”

“తెల్వదు.”

పెద్దమ్మ మిగిలిన ఎర్ర కాగితాలు కొంగున ముడేసుకుని ముందు నడిచింది, గుంపంతా వెనక నడిచింది. ఆ నడక నాకు నచ్చలేదు గానీ, కవిత్వం తలకెక్కి ఉంటుందిలే అనుకున్నాను. మర్నాడు పొద్దున చేనికి పోయేసరికి గుంపంతా గట్టు మీద వరసగా కూర్చుని ఉంది, గడ్డాల కింద చేతులు పెట్టుకుని. మగ పూలు అప్పుడే పసుపుపచ్చగా విచ్చుకుంటున్నాయి. ఆడ సాళ్ళ నిండా ఎర్ర కాగితాలు గాలికి ఊగుతున్నాయి. ఒక్కరూ దిగలేదు. నాయిన అటు ఉరికి ఇటు ఉరికి, “ఏమైందమ్మా, జర లేవుండ్రి, ఎండెక్కుతుంది” అని బతిమాలుతున్నాడు. పెద్దమ్మ తాపీగా, “చేన్ల కథ వెట్టి సగంల ఇడిస్తె ఆ చేన్ల పూత నిలవదు. మా తాతల కాడినుంచి ఉన్నదే. రాలిపోయే పూవుకు మేం చెయ్యి వెట్టం. కథ ఒడగొట్టమను నీ బిడ్డను, సివరిదాక జెప్పమను, గప్పుడు దిగుతం” అంది. నాయిన నా వైపు తిరిగాడు. తిట్టి ఉంటే బాగుండేది. “ఒడగొట్టు బిడ్డా, నీకు దండం వెడత” అన్నాడు. గట్టు అవతల డబ్బా మామ ఇదే అదననుకుని, “మా చేన్ల ఏ కథా లేదు, రాండ్రి!” అని అరిచాడు.

ఏం చేస్తాను? నోటికొచ్చింది చెప్పాను. “పిల్ల ఆడనే ఉండిపోయింది. రాజుతోని పెండ్లయింది. పూలవాన గురిసింది.” పెద్దమ్మ ఉమ్మేసింది. “నవ్వడు, పలకడు, పని జెయ్యడు. గట్లాంటోనికి పిల్లనిస్తవా? నిన్నైతె ఇస్తడా మీ నాయిన?” అంది. నాయిన గబగబా లేదన్నట్టు తల అడ్డంగా ఊపాడు. సరే అని మార్చాను. “లేదు లేదు, పిల్ల ఇంటికి వోయింది. రాజును మరిసిపోయింది.” ఈసారి కొత్త పెళ్ళికూతురు భోరుమంది. “గిన్ని రోజులు మమ్మల్ని ఏడిపిచ్చి గిట్ల జేస్తవా అక్కా?” దాంతో గుంపు రెండుగా చీలింది. ఉండాలని సగం, పోవాలని సగం. గట్టు మీద కొట్లాట. ఒకామె రాజును తిట్టింది, ఇంకొకామె ఆమె మొగుణ్ణి తిట్టింది. ఎండ మా భుజాల మీదికి వచ్చింది. నాకు నా సీటు, నా హైదరాబాద్, నా పుస్తకాలు అన్నీ ఆ ఎర్ర కాగితాల కింద మాడిపోతున్నట్టు కనబడి నిజంగానే ఏడుపొచ్చింది. ఆ మొగ్గలను ఒక్కదాన్నే ఎన్నని అద్దగలను?

అప్పుడు పెద్దమ్మ చెయ్యెత్తి అందరి నోళ్ళూ మూయించి, నన్ను అడిగింది: “ఆగుండ్రి. పిల్లా, ఆమె ఏం చదువుతుండె?”

“ఇంటర్.”

“పరీక్ష రాసిందా?”

అన్ని భాగాలు చూశాను, మళ్ళీ మళ్ళీ చూశాను, ఆయన కనుబొమ్మల లెక్క నోటికి చెప్పగలను. ఆ పిల్ల ఒంటి మీద మొదటి నుంచి చివరి దాకా స్కూలు యూనిఫామే ఉంటుంది. ఆ పిల్ల బడి ఏమైందని నాకు గానీ, నా గదిలో వాళ్ళకు గానీ ఒక్కసారి కూడా తోచలేదు. “రాయలేదు పెద్దమ్మా” అన్నాను.

“మరి గదే!” అని పెద్దమ్మ లేచి కొంగు దులుపుకుంది. “ముందుగాల పోయి పరీక్ష రాసి రమ్మను. తొమ్మిది నూర్లేండ్ల సంది ఉన్నోడు, ఇంకో రెండేండ్లు ఆగలేడా? ఆగితె మనిషి, ఆగకపోతె పీడ వాయె. ఒడిసింది కథ. లేవుండ్రి, ఎండెక్కుతుంది!”

ఉండాలన్న వాళ్ళు, పోవాలన్న వాళ్ళు అందరూ ఒప్పుకున్న ముగింపు అదొక్కటే. గుంపు సాళ్ళలో పడింది. నాయిన, అమ్మ, నేను కూడా దిగాం. చివరికి డబ్బా మామను కూడా పెద్దమ్మ కేకేసి దింపింది, “కథ ఊకెనే ఇన్నవు గదా, రా, పువ్వు అద్దు” అని. ఆ పూట పూవు రాలలేదు. సీజను చివరి దాకా గుంపు కదల్లేదు. నాయిన మాట మీద నిలబడ్డాడు. నేను హైదరాబాద్ పోయాను.

యూనివర్సిటీలో ఒకమ్మాయి చెప్పింది, ఆ సీరియల్‌కు మూలమైన బొమ్మల పుస్తకాల్లో కథ పూర్తయిందని. ఆత్రంగా సంపాదించి చదివాను. ఆ పిల్ల కోటలోనే ఉండిపోయిందట. చివరి పేజీలో పూలవాన, పెళ్ళి, రాజుగారు రాయి కాకుండానే మూడు ముక్కలు మాట్లాడతాడు. పరీక్ష ఊసే లేదు. ఒళ్ళు మండి పుస్తకం మూసి, మరుసటి సీజనుకు ఊరికి పోయినప్పుడు సాళ్ళలో పెద్దమ్మ వెంట నడుస్తూ ఈ సంగతి ఫిర్యాదులా చెప్పాను.

ఆమె చెయ్యి ఆపలేదు. “రాసినోళ్ళకేం ఎర్క?” అంది. “పిల్ల పోయింది. గద్వాల బస్టాండ్ల సంచి ఒళ్ళె వెట్టి బస్సెక్కిచ్చింది నేనే గదా.”

అవును, ఆ రోజు నాయినకు పత్తి తూకముంటే నన్ను బస్సెక్కించడానికి వచ్చింది ఆమే. బస్సు కదలగానే కిటికీకి తల ఆనించి, కథానాయికలు ఎలా ఏడుస్తారో అలా, చప్పుడు లేకుండా, చాలా అందంగా ఏడుస్తున్నాననుకున్నాను. ఎర్రవల్లి చౌరస్తా దగ్గర పక్క సీటు ముసలాయన జాలిగా నా భుజం తట్టి, “వాంతికి వస్తుందా బిడ్డా?” అని ఒక కవరు చేతిలో పెట్టాడు. కాదని చెప్పడానికి సిగ్గేసి ఆ కవరు హైదరాబాద్ దాకా అలాగే పట్టుకుని కూర్చుంది ఆ వెర్రిపిల్ల.